రాతిమీది పేరు

మరణించినవానికి మనము చేయగలిగినది ఏమి? అతనికి అన్నము పెట్టలేము. అతని గాయము మాన్పలేము. అతడు చెప్పదలచి చెప్పలేకపోయిన మాటను వినలేము. అయినను మనుష్యుడు అనాదిగా మృతుని కొరకు రాయి నిలుపుచునే యున్నాడు. ఈ రాయి పోయినవాని కొరకా, ఉన్నవారి కొరకా? యుద్ధమునందు పడినవాని విషయమున ఈ ప్రశ్న మరింత కఠినమగును. ఏలయన, అతని మరణమునకు వ్యాధి కారణము కాదు, వార్ధక్యము కారణము కాదు. ఎవరో అతనిని పంపిరి; అతడు వెళ్లెను. పంపినవారికిని, అతని వెనుక సుఖముగా నిద్రించినవారికిని అతనియెడ ఋణమేదైన కలదా? కలదేని అది తీరుట యెట్లు?

నేను పండితుడను గాను. మెట్రిక్యులేషను వరకు చదివి, ముప్పదియేడు సంవత్సరములు గుమాస్తా ఉద్యోగము చేసి, ఇపుడు రాబర్ట్‌సన్‌పేటలో విశ్రాంతిగా కాలము గడుపుచున్నవాడను. ఈ సంచికకు ఏదైన వ్రాయుమని మన సంఘమువారు కోరినప్పుడు రెండు సంగతులు జ్ఞప్తికి వచ్చినవి. ఒకటి, గత సంవత్సరము నేను దర్శించిన సైనిక శ్మశానవాటిక. రెండవది, నలువది సంవత్సరములుగా నా మనస్సున ముల్లువలె నున్న ఒక చిన్న సంఘటన. ఆ రెండిటిని కలిపి ఆలోచించినందున కలిగిన భావములను మీ ముందుంచుచున్నాను.

ఈ విచారము మన సీమకు క్రొత్తది కాదు. కోలారు జిల్లా పల్లెలలో చెరువుకట్టమీదనో, ఊరిబయట చెట్టుక్రిందనో, పొలముగట్టున సగము మట్టిలో కూరుకొనియో వీరగల్లులు కానవచ్చును. అవి సామాన్యముగా మూడు అంతస్తులుగా చెక్కబడియుండును. క్రింది భాగమున యుద్ధము. వీరుడు విల్లో కత్తియో పట్టి నిలిచియుండును. నడిమి భాగమున అప్సరసలు అతనిని ఇరువైపుల పట్టి పైకి కొనిపోవుచుందురు. పై భాగమున అతడు శివలింగము చెంత కూర్చుండియుండును. గంగులు, బాణులు, నొలంబులు, వైదుంబులు ఈ భూమికొరకు పోరాడిన కాలమున ఇట్టి రాళ్లు ఎన్నియో వెలసినవి. బి. ఎల్. రైస్ దొర 1905వ సంవత్సరమున ప్రకటించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా పదవ సంపుటము మన జిల్లా శాసనములకే ప్రత్యేకింపబడినది. అందు వీరగల్లుల శాసనములు అనేకములు కలవు.

ఆ శాసనములను గూర్చి పెద్దలు చెప్పు విషయములలో రెండు నన్ను ఆశ్చర్యపరచినవి. మొదటిది, ఆ రాతిమీదివాడు తరచుగా రాజు కాడు, సామంతుడును కాడు. శత్రువులు ఊరి ఆవులను తోలుకొనిపోవుచుండగా అడ్డుపడి ప్రాణము విడిచిన గ్రామస్థుడు. అతని పేరు రాతిపై నున్నది. రెండవది, రాయి నిలుపుటతో నాటివారు ఊరకుండలేదు. చచ్చినవాని కుటుంబమునకు భూమి నిచ్చిరి. దానికి కన్నడమున కల్నాడనియు, నెత్తరుగొడగె యనియు పేర్లు. మన భాషలో నెత్తురు మాన్యము అనవచ్చును. అనగా వెయ్యి సంవత్సరముల క్రిందట ఈ ఎఱ్ఱనేల పాలకుడు మృతవీరుని ఋణమును రెండు పాళ్లుగా లెక్కించెను: రాతిమీద పేరు, ఇంటివారికి బ్రతుకు. ఒకటి యిచ్చి రెండవది ఎగవేసినచో ఋణము సగమే తీరినట్లు.

తరువాతి కాలమున ఈ లెక్క చెడినది. 1768 అక్టోబరు 4వ తేదీన మన ముళబాగిలు కొండలయొద్ద హైదరలీ సేనకును ఇంగ్లీషు కుంపిణీ సేనకును ఘోరయుద్ధము జరిగెను. సేనానాయకుల పేర్లు చరిత్ర గ్రంథములందున్నవి; పడిన సిపాయిల పేర్లు మన జనుల నోట లేవు. హైదరు తండ్రి ఫతే మహమ్మదు కూడ యుద్ధమునందే మరణించిన సైనికుడు. అతని సమాధి కోలారు పట్టణమున నేటికిని కలదు. బూదికోటలో పుట్టిన ఆయన కుమారుడు రాజ్యమేలినందున ఆ సమాధికి గౌరవము నిలిచినది. కుమారుడు రాజ్యమేలని తండ్రుల మాట ఏమి?

గత సంవత్సరము మా కుమార్తె కుటుంబమును చూచుటకై బంగారుపేటలో రైలెక్కి చెన్నపట్టణమునకు వెళ్లితిని. ఒక ఉదయము పదకొండేండ్ల మనుమనితో గూడ నందంబాకమునందలి మద్రాసు యుద్ధ శ్మశానవాటికకు పోయితిని. పరంగికొండకు సమీపమున, బస్సులు లారీలు ఎడతెగక పోవు రోడ్డు ప్రక్కననే అది యున్నది. గేటు దాటి లోనికి పోగానే ఆ చప్పుడు సన్నగిల్లినట్లు తోచెను. కత్తిరించిన పచ్చిక, పూలమొక్కలు, ఒకే తీరున వరుసలు తీర్చిన రాళ్లు. దక్షిణ, తూర్పు భారతమునందలి అనేక కంటోన్మెంటులలోను ఊళ్లలోను చెదరియున్న రెండవ ప్రపంచయుద్ధపు సమాధులను శాశ్వతముగా సంరక్షించుట సాధ్యము కానందున, వానిని ఒకచోట చేర్చుటకై 1952లో ఈ వాటిక ఏర్పడెను. ఇందు ఎనిమిదివందల ఏబదియారుగురు ఆ యుద్ధకాలపు మృతులున్నారు. వెనుకభాగమున మొదటి ప్రపంచయుద్ధపు స్మారకమున్నది. ఎక్కడెక్కడనో ఖననమై, సమాధి నిలుపుట సాధ్యముకాని వేయిమందికి పైగా సైనికుల పేర్లు దానిపై చెక్కబడినవి.

నేను వరుసవెంట నడచుచు వయస్సులు చదివితిని. ఇరువదియొకటి, పందొమ్మిది, ఇరువదినాలుగు. నా మనుమడు నా చేయి పట్టుకొని ప్రతిరాతియొద్దను కూడికలు తీసివేతలు చేయుచుండెను. కొన్ని రాళ్ల అడుగున తల్లిదండ్రులో భార్యయో కోరి వ్రాయించిన చిన్న వాక్యములుండెను. అవి ఎక్కడనో సముద్రములకావల, కొడుకు సమాధిని ఎన్నడును చూడలేకపోయిన తల్లులు వ్రాసిన మాటలు. వానిని చదువుచుండగా ఆ సైనికుని దేశమేది, మతమేది యను విచారము నాకు కలుగలేదు.

ఇచట ఒక ధర్మము గమనింపదగినది. 1917లో రాజశాసనముచే ఏర్పడిన యుద్ధసమాధుల కమిషను, సేనాపతికిని సామాన్య సైనికునికిని రాతి కొలతలో భేదముండరాదని నిర్ణయించెను. ధనికుడు తన కుమారునికి పాలరాతి మండపము కట్టించుటకును, పేదవాని సమాధి గడ్డిలో కలిసిపోవుటకును వీలులేదు. నాటి ఇంగ్లండునందు దీనిని ఎదిరించిన గొప్పకుటుంబములు ఉండెను. అయినను మరణమునందు సమానత్వమను సూత్రమే నిలిచెను. నేను జీవితమంతయు కచేరీలలో హోదానుబట్టి కుర్చీ, కుర్చీనుబట్టి తువాలు మారుట చూచినవాడను. ఈ ఒకే కొలత రాళ్లను చూచినప్పుడు నాకు గౌరవము కలిగినది.

అంతలో మనుమడు అడిగెను. "తాతా, వీళ్లు ఎవరికోసం చచ్చిపోయినారు? అప్పుడు మన దేశం మనది కాదు గదా?"

పిల్లవాని ప్రశ్న చిన్నది కాదు. మొదటి ప్రపంచయుద్ధమునకు భారతదేశమునుండి పది లక్షలకు పైగా జనులు సముద్రములు దాటిపోయిరి. రెండవ యుద్ధమున సేనలో చేరినవారు సుమారు ఇరువదియైదు లక్షలు. ఆ యుద్ధములు వారు కోరినవి కావు. అందు చేరవలయునో లేదో మన ప్రజలను ఎవరును అడుగలేదు. మన మైసూరు సంస్థానపు అశ్వికదళము జోధపూరు దళముతో గూడి 1918 సెప్టెంబరు 23వ తేదీన పాలస్తీనాలోని హైఫా పట్టణమును పట్టుకొనెను. హైఫాతో మైసూరు రైతుకు వైరమేమి? అదే సంవత్సరము గాంధీమహాత్ముడు ఖేడా జిల్లాలో పల్లెపల్లె తిరిగి సేనలో చేరుడని జనులకు బోధించెను. అహింసను ఆరాధించిన మహాత్మునికే నాడు మార్గము తేటగా లేనప్పుడు, పల్లెలోని యువకునికి ఎట్లు తేటయగును?

మన తెలుగువారికి ఈ వృత్తి పురాతనమైనది. కుంపిణీ సిపాయికి ఉత్తరదేశమున తెలంగా అను పేరే వాడుకలోనుండెను. 1857 నాటి ఢిల్లీ ప్రజలు సిపాయిలను ఆ మాటతోనే పిలిచిరి. పశ్చిమగోదావరి జిల్లాలోని మాధవరమునకు మిలిటరీ మాధవరమని పేరు కలుగుటకు కారణము, ఆ గ్రామమునుండి రెండు ప్రపంచయుద్ధములకును యువకులు పెద్దసంఖ్యలో వెళ్లియుండుటయే. వారిలో కొందరిని కరవు పంపినది, కొందరిని అప్పు పంపినది, కొందరిని ఇంటి పరువు పంపినది. నెలకు వచ్చు మనియార్డరుతో చెల్లెలి పెండ్లి జరుగునని వెళ్లినవాడును ఉండవచ్చును. అట్టివానిని కూలికి చచ్చినవాడని తేలికగా మాటాడుట ధర్మము కాదు. కూలికి పనిచేయుట మనలో ఎవరికి తప్పినది?

అయితే కేవల విధేయతనే పెద్ద గుణముగా పొగడుట కూడ ప్రమాదకరము. 1944లో ఇంఫాలు, కోహిమా ప్రాంతములందు ఇంగ్లీషువారి సేనలో భారతీయులుండిరి. సుభాషుచంద్ర బోసు నడిపించిన ఆజాదు హిందు ఫౌజునందును భారతీయులుండిరి. అన్నదమ్ముల బిడ్డలు ఎదురెదురుగా నిలిచిరి. అందెవ్వరు వీరులు అని వాదించి తేల్చినపిదప గాని కన్నీరు విడువనన్నచో మనము ఎన్నటికిని విడువలేము. యుద్ధకారణము వేరు, మృతుడు వేరు. కారణమును విమర్శించుటకు మనకు హక్కు కలదు. మృతుని పాతిపెట్టిన నేలను గౌరవించుట మన విధి. మొదటిది చేసినవాడు రెండవది మానవలసిన పనిలేదు.

ఈ వివేకము మన భారతమునందే యున్నది. తిక్కన సోమయాజి తెనిగించిన పర్వములలో స్త్రీపర్వ మొకటి. యుద్ధము ముగిసినది. కొడుకులందరిని పోగొట్టుకొన్న ధృతరాష్ట్రుడు, రణభూమిలో ఎందరు చచ్చిరని ధర్మరాజును అడుగును. ధర్మరాజు లెక్క చెప్పును. అది కోట్లతో కూడిన లెక్క. తరువాత ధృతరాష్ట్రుడు, దిక్కులేనివారి సంగతి ఏమని అడుగును. అంతట ధర్మరాజు విదురుడు, సంజయుడు, ధౌమ్యుడు మొదలగువారిని పిలిచి, ఇరుపక్షములవారికిని, బంధువులెవ్వరును లేనివారికిని గూడ యథావిధిగా సంస్కారము జరిపింపుమని ఆజ్ఞాపించును. శత్రువు, మిత్రుడు అను భేదము అచటితో ఆగిపోయినది.

కాని కథ అచట ముగియలేదు. అందరును గంగయొడ్డున తర్పణములు విడుచుచుండగా కుంతి ముందుకు వచ్చి, కర్ణునికి గూడ నీళ్లు విడువుడు, అతడు మీకు అన్న యని చెప్పును. ధర్మరాజు నివ్వెరపడి కుప్పకూలినట్లు దుఃఖించును. పాఠకులు ఒక్క నిమిషము ఆలోచింపవలెను. కొంతసేపటి క్రితము అతడే కదా లెక్క చెప్పినది? ఆ లెక్కలో కర్ణుడు లేడా? ఉన్నాడు. లెక్క సరిగానే యున్నది. కాని ఆ అంకెలలో తన తోడబుట్టినవాడున్నాడని ధర్మరాజునకు తెలియలేదు. పేరుపెట్టి, బంధుత్వము చెప్పి, దోసిట నీరెత్తినప్పుడు గాని అతని కన్ను తెరువలేదు. లెక్క ఎంత సత్యమైనను అది మనిషిని చూపదు.

ఈ మాట పురాణకాలమునకే చెందినది కాదు. మొదటి ప్రపంచయుద్ధమున మెసపొటేమియా రంగమునందు సమాధి తెలియక మరణించిన నలువదివేలకు పైబడిన సైనికులకొరకు 1929లో బస్రాయందు ఒక గొప్ప స్మారకమును ఆవిష్కరించిరి. వారిలో అధికసంఖ్యాకులు భారతీయులు. ఆ రాళ్లమీద ఇంగ్లీషు సైనికుల పేర్లున్నవి. భారతీయ అధికారుల పేర్లున్నవి. సామాన్య భారతీయ సిపాయి వంతు వచ్చునప్పటికి, ఫలాని పటాలమున ఇంతమంది యను మొత్తము మాత్రమే యున్నది. ఒకే కొలత రాయి యను ధర్మము ఐరోపాలో నిలిచినది. ఆసియాలోను ఆఫ్రికాలోను అనేకచోట్ల తడబడినది. 2021 ఏప్రిలులో ఆ కమిషనే విచారణ జరిపి ఒక నివేదిక ప్రకటించెను. కనీసము లక్షాపదునారువేలమంది, బహుశః మూడున్నర లక్షలవరకు, పేరుతో స్మరింపబడలేదనియో అసలే స్మరింపబడలేదనియో ఆ నివేదిక ఒప్పుకొన్నది. వీరిలో ఆఫ్రికావారును ఈజిప్టువారును ఎక్కువ. బ్రిటిషు ప్రభుత్వము పార్లమెంటునందు క్షమాపణ చెప్పెను.

ఆ వార్తను నేను పత్రికలో చదివినప్పుడు మొదట కోపము వచ్చెను. మావాళ్ల ప్రాణము పుచ్చుకొని పేరు పుచ్చుకొనలేదా యని అనుకొంటిని. కాని ఆ కోపము ఒక పూట గూడ నిలువలేదు. ఏలయన, నేను చేసినది జ్ఞప్తికి వచ్చెను.

1984 ప్రాంతమున నేను ఒక కచేరీలో చిన్న గుమాస్తాను. ఒకనాడు మధ్యాహ్నము అరువదేండ్ల స్త్రీ ఒకతె పదేండ్ల మనుమని వెంటబెట్టుకొని వచ్చినది. మన జిల్లా పల్లెటూరి మనిషి. భర్త యుద్ధములో బర్మాకు పోయి తిరిగి రాలేదట. పింఛను వచ్చునని ఎవరో చెప్పగా అర్జీతో వచ్చినది. నేను కాగితము ముందు పెట్టుకొని భర్త పేరేమని అడిగితిని. ఆమె చెప్పలేదు. మన ఇండ్లలో పాతకాలపు స్త్రీలు భర్తపేరు నోట పలుకరని నాకు తెలియును. మనుమని అడిగితిని. వానికి తాత యనియే తెలియును గాని పేరు తెలియదు. వెనుక జనము నిలిచియుండిరి. నేను గొంతు పెంచి మరల అడిగితిని. ఆమె గోడవైపు తిరిగి, కొంగు నోటికి అడ్డము పెట్టుకొని, ఆ పేరు పలికినది. బహుశః జీవితమున మొదటిసారి.

నేను వ్రాసికొంటిని. తరువాత, "నంబరెంత?" అని అడిగితిని.

"నంబరు లేదు సామీ. ఆ కాగితం చెదలు తినేసె. పేరు చెప్తిని గదా, పేరు సాలదా సామీ?"

"నంబరు లేకుండా ఏమీ చేసేదానికి కాదమ్మా. రికార్డు ఆఫీసునుంచి తీసుకొని రావల్ల."

రికార్డు ఆఫీసు ఎక్కడనుండునో ఆమెకు తెలియదు. నేనును చెప్పలేదు. అర్జీమీద అభ్యంతరము వ్రాసి త్రిప్పి యిచ్చితిని. ఆమె మనుమని భుజముపై చేయి వేసి వెళ్లిపోయినది. మరల రాలేదు.

నన్ను నేను సమర్థించుకొనుటకు కారణములు లేకపోలేదు. సేనలో ఒకే పేరుగలవారు పదులకొద్ది ఉందురు. ఇంగ్లీషులో వ్రాసినప్పుడు ఒక తెలుగుపేరు మూడువిధములగును. నంబరు లేనిదే మనిషిని పోల్చుట కష్టము. అంకె పాపము కాదు. అంకె లేనిదే ఏ రాజ్యమును నడువదు. ఈ మాటలన్నియు నిజములే. కాని ఆ పేరు, ఊరు, సుమారు సంవత్సరము వ్రాసి, నంబరు వెదకి తెలుపుడని నేనే ఒక ఉత్తరము పంపియుండవచ్చును. ఏ నియమమును నన్ను నిషేధింపలేదు. పావుగంట పని. ఆ పావుగంట నేను ఇవ్వలేదు. నెత్తురు మాన్యము ఇచ్చిన నొలంబరాజు అక్షరజ్ఞుడైన గుమాస్తాను పెట్టుకొనియుండునా యని ఇప్పుడు అనుకొందును.

బస్రాలో అంకె యున్నది, పేరు లేదు. నా బల్ల ముందు పేరున్నది, అంకె లేదు. రెండుచోట్లను నష్టపడినవాడు ఆ సిపాయియే. కనుక నేను తెలిసికొన్న ధర్మము ఇది. లెక్క వ్రాయుట తప్పు కాదు. లెక్కతో ఆగిపోవుట తప్పు. అంకె మనిషిని వెదకుటకు ఏర్పడిన దారి. ఆ దారిని తలుపుగా మార్చి మూసివేసినవాడు, దూరదేశపు పాలకుడైనను ఊరి గుమాస్తాయైనను, ఒకే అపరాధము చేసినవాడగును.

గనులలో పుట్టి పెరిగిన మనకు ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. 1880లో జాన్ టేలరు కంపెనీ వచ్చినది మొదలు 2001 ఫిబ్రవరిలో గనులు మూతపడువరకు, భూమిక్రింద రాయి పగిలి మరణించినవారు మన తెలుగు ఇండ్లలోను, తమిళుల ఇండ్లలోను ఎందరో కలరు. వారికి యుద్ధము లేదు, పతకము లేదు. చాంపియన్ రీఫు గని మూడు కిలోమీటర్ల లోతునకు పోయినదని గర్వముగా చెప్పుకొందుము. ఆ లోతున ఊపిరి విడిచినవాని పేరు మన పిల్లలకు తెలియునా? పరులు మన పేర్లు వ్రాయలేదని అనుటకు ముందు, మనము వ్రాసినవి ఎన్నియో చూచుకొనవలెను.

సమాధుల తోటలవలన యుద్ధములు ఆగునా అని కొందరు అడుగుదురు. ఆగలేదు. మొదటి యుద్ధపు రాళ్లు నిలిపిన ఇరువదియేండ్లకే రెండవ యుద్ధము వచ్చినది. పైగా ఇంత చక్కని పచ్చికయు పూలును చూచినవారికి యుద్ధమరణము సుందరమని భ్రమ కలుగునేమో యను శంకయు నాకు కలిగినది. బురదలో, దాహముతో, తల్లిని పిలుచుచు చచ్చినవాని చావును పూలు కప్పివేయును. కాని ఆ భ్రమను తొలగించుటకు గూడ మందు ఆ రాతిమీదనే యున్నది. అది పేరు, వయస్సు. పదివేలమంది యన్నచో జయధ్వానము చేయవచ్చును. పందొమ్మిదేండ్ల ఫలానావాడు అన్నచో ఎవనికిని కేక వేయ బుద్ధిపుట్టదు. యుద్ధము గొప్పదని రాయి చెప్పరాదు; ఈ మనిషి ఉండెను, ఇపుడు లేడు అని చెప్పిన చాలును.

మనలో దహనమే ఆచారము గనుక మనవానికి సమాధి యుండదు. కోహిమాయందు సమాధుల చెంతనే, దహనసంస్కారము పొందిన తొమ్మిదివందల పదునేడుగురు హిందూ, సిక్కు సైనికుల స్మారక మొకటి కలదు. రంగూనుకు సమీపమున తౌక్యాన్ వాటికలో సుమారు ఇరువదియేడువేల పేర్లు రాతిస్తంభములపై నున్నవి. వారికి సమాధి తెలియదు, పేరు తెలియును. బూడిద నదిలో కలిసినవానికి భూమిమీద మిగులు స్థలము పేరొక్కటే.

నందంబాకమున వెనుకనున్న స్మారకము చెంత నా మనుమడు అడిగెను: "తాతా, నువ్వు ఎవరి పేరు ఎతుకుతా ఉండావు?"

నేను సమాధానము చెప్పలేకపోయితిని. ఆ స్త్రీ భర్త పేరు అచట నుండదని నాకు తెలియును; అతడు మరణించినది బర్మాలో, వేరొక యుద్ధమున. తౌక్యాన్ స్తంభములపై నుండవచ్చును. ఆ పేర్లను ఇంటియందే కూర్చుండి వెదకు సాధనములు నేడున్నవి. మా అల్లుడు వెదకి పెట్టెదననియు చెప్పెను. కాని వెదకుటకు పేరు కావలెను గదా. ఆ అర్జీ చేరిన దస్త్రపు సంఖ్య నాకు నేటికిని కంఠస్థముగా నున్నది. ఆ పేరు జ్ఞాపకము లేదు. ఒక స్త్రీ జీవితకాలపు నియమమును భంగపరచుకొని నా కొరకు పలికిన పేరును నేను మరచితిని.

ఈ సంవత్సరము మహాలయ అమావాస్యనాడు పితృతర్పణము చేసినపిదప, గోత్రనామములు తెలియనివారికి, తమవారెవ్వరును లేనివారికి విడువవలసిన చివరి దోసిలిని ఎన్నడును లేనంత నెమ్మదిగా విడిచితిని. మన పెద్దలు ఆ దోసిలిని ఏర్పరచిరనగా, మరపు మనుష్యసహజమని ఎరిగియే ఏర్పరచిరి. కాని తెలిసికొనుటకు వీలున్న పేరును మరచి, ఆ చివరి దోసిలితో సరిపెట్టుకొనుట వారి ఉద్దేశము కాదు.

కావున సంఘ సభ్యులకు ఒక విన్నపము. మీ ఇంటినుండి యుద్ధమునకు పోయి రానివారు, గనిలోనికి దిగి రానివారు ఉన్నయెడల వారి పేరు, ఊరు, సుమారు సంవత్సరము వ్రాసి మన సంఘ కార్యాలయమున నీయుడు. అక్షరదోషములున్నను పరవాలేదు. అంకెలు లేకున్నను పరవాలేదు. వానిని ఒక పుస్తకమున వరుసగా వ్రాయు పని నేను చేయుదును. దస్తూరి ఇంకను బాగుగనే యున్నది.

ఇంకొక మాట. 1984 ప్రాంతమున అవ్వ వెంట ఒక కచేరీకి వచ్చి, బల్ల ప్రక్కన నిలిచి, తాత పేరు చెప్పలేకపోయిన బాలుడు నేడు ఏబదియేండ్లవాడై యుండును. అతడు గాని, అతనిని ఎరిగినవారు గాని ఈ వ్యాసము చదువ తటస్థించినచో, దయచేసి నాకు ఆ పేరు చెప్పవలెను. మిగిలిన ఉత్తరము నేను వ్రాయుదును.